హాలోవీన్‌కి నొస్ఫెరాటుతో మొదలుపెట్టకండి

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది, ఏమనుకోకండి. హాలోవీన్ కదా అని పది మందిని ఇంటికి పిలిచి, లైట్లన్నీ ఆపేసి, ఇదిగో డ్రాకులా సినిమాలన్నిటికీ తాత అని చెప్పి 1922 నాటి 'నొస్ఫెరాటు' వేస్తే పావుగంటకల్లా సగం మంది ఫోన్లు తీశారు, మిగతా సగం సమోసాల వైపు వెళ్ళిపోయారు, అసలు ఈ క్లాసిక్కుల్లో భయపడ్డానికి ఏముంది, మనకే టేస్ట్ లేదా అని అడిగారు. టేస్ట్‌కేం ఢోకా లేదండి. నేను పిట్స్‌బర్గ్ వచ్చి 24 ఏళ్ళవుతోంది, అందులో ఓ 17 అక్టోబర్లు మా బేస్‌మెంట్‌లో తెలుగు ఫ్యామిలీలకి ఈ పాత హారర్ సినిమాలు వేస్తూనే ఉన్నా. మొదటి సంవత్సరం నేనూ ఇదే సినిమాతో మొదలుపెట్టా. మీకు కనీసం సమోసాలైనా చెల్లాయి, మా దగ్గర ఒకాయన ముందు వరసలో కూర్చుని గురక పెట్టాడు, ఆ రాత్రి మొత్తానికి పిల్లలు జడుసుకున్న సౌండ్ అదొక్కటే.

ముందు ఒకటి చెప్పండి, మీరు వేసింది నెట్‌లో ఫ్రీగా దొరికే పాలిపోయిన బ్లాక్ అండ్ వైట్ కాపీయేనా? అయితే తప్పు మీది కాదు, మీ ఫ్రెండ్స్‌ది కూడా కాదు. ఆ సినిమాలో ఆరుబయట రాత్రి సీన్లు పట్టపగలే తీశారు. తీసిన తర్వాత రాత్రి సీన్లకి నీలం రంగు అద్దేవాళ్ళు, తెరంతా నీలంగా ఉంటే రాత్రి అని అప్పటి జనానికి తెలుసు. ఆ రంగు పోయిన కాపీలో ఏమవుతుందంటే, ఎండ తగిలితే చచ్చిపోవాల్సిన పిశాచం తన శవపేటికని తనే చంకలో పెట్టుకుని మిట్టమధ్యాహ్నం వీధిలో చకచకా పోతుంటాడు, నవ్వు రాక ఏమొస్తుంది. పైగా సైలెంట్ సినిమాని తప్పు స్పీడులో తిప్పితే మనుషులంతా చీమల్లా పరిగెడతారు, వెనకాల ఎవరో సంబంధం లేని ఆర్గాన్ మ్యూజిక్ అతికిస్తారు. రంగులు మళ్ళీ వేసి, హాన్స్ ఎర్డ్‌మాన్ చేసిన అసలు సంగీతంలో మిగిలినదాన్ని పట్టుకుని తిరిగి కట్టిన రిస్టోర్డ్ వెర్షన్ ఉంది, చూస్తే అదే చూడాలి. ఇంకో తమాషా ఏంటంటే, ఎండ తగిలితే పిశాచం చస్తుందన్న రూలే ఈ సినిమాతో వచ్చింది, బ్రామ్ స్టోకర్ నవలలో డ్రాకులా పగలు కూడా తిరుగుతాడు. నవల హక్కులు కొనకుండా పేర్లు మార్చి తీశారని స్టోకర్ భార్య కేసు వేసి గెలిచింది, ప్రింట్లన్నీ తగలబెట్టమని కోర్టు చెప్పింది, అప్పటికే బయట దేశాలకి పోయిన కాపీల వల్ల బతికింది. అంత కష్టపడి బతికిన సినిమాని పాపం మనం సమోసాల మధ్య వేస్తున్నాం.

సరే, మంచి ప్రింట్ దొరికినా సరే మొదటిసారి చూసేవాళ్ళకి అది వేయొద్దనే చెప్తా. మనం చేసే పొరపాటు వరసలో ఉంది. క్లాసిక్ అనగానే పుస్తకం చదివినట్టు మొదటి పేజీ నుంచి అంటే 1920 నుంచి మొదలెడతాం, రెండో మూడో సినిమా దగ్గర ఓపిక అయిపోతుంది. ఇలా కాకుండా వెనక్కి నడవాలి. మన కంటికి అలవాటున్న చోట మొదలుపెట్టి, ఒక్కో సినిమా తన వెనకున్న దాన్ని చూపిస్తుంటే దాని వేలు పట్టుకుని పోవాలి.

మీ ఫ్రెండ్స్ అందరూ ఎలాగూ చూసుంటారు కాబట్టి 1978 'హాలోవీన్' గురించి ఎక్కువ చెప్పను. మూడు లక్షల డాలర్ల చిల్లరతో, ఎండాకులు రాలే సీజన్ కాకుండా వసంతంలో కాలిఫోర్నియాలో తీశారు, కాగితం ఆకులకి గోధుమరంగు పూసి వీధిలో చల్లడం, షాట్ అయ్యాక మళ్ళీ ఏరి సంచిలో వేసుకోవడం. ఆ హంతకుడి మాస్క్ కూడా స్టార్ ట్రెక్‌లో కెప్టెన్ కర్క్ ముఖం, తెల్ల పెయింట్ కొట్టారంతే. కానీ ఈసారి చూసినప్పుడు ఒకటి గమనించండి, ఆ రాత్రి ఇంట్లో పిల్లలు టీవీ ముందు కూర్చుని చూస్తున్నది 1951 నాటి ఇంకో సినిమా, 'ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్'. అంటే ఆ సినిమాలోనే చెప్పేస్తున్నాడు డైరెక్టర్ జాన్ కార్పెంటర్, హాలోవీన్ రాత్రి ఈ దేశంలో పిల్లలు చేసే పని ఇదీ, పాత బొమ్మ పెట్టుకుని దుప్పట్లో దూరడం. 1957లో యూనివర్సల్ స్టూడియో వాళ్ళ పాత హారర్ సినిమాల్ని గుత్తగా టీవీ స్టేషన్లకి అమ్మారు, అక్కణ్ణుంచి ఊరూరా శవం మేకప్‌లో ఒక యాంకర్ వచ్చి జోకులేస్తూ అవి చూపించడం మొదలైంది, ఇక్కడి పెద్దవాళ్ళతో మాట్లాడితే అందరికీ ఆ జ్ఞాపకం ఉంటుంది. మనకి ఆదివారం దూరదర్శన్ ఎలాగో అలాగన్నమాట.

ఇప్పుడు మీరు అసలు మొదలుపెట్టాల్సిన సినిమా. 1963 'ది హాంటింగ్', డైరెక్టర్ రాబర్ట్ వైజ్. షర్లీ జాక్సన్ 1959లో రాసిన నవల దీనికి ఆధారం. రెండు గంటల కంటే కొంచెం తక్కువ, అందులో దెయ్యం ఒక్కసారి కూడా కనపడదు, అవును ఒక్కసారి కూడా. ఒక పాత బంగళా, పరిశోధన అని వచ్చిన నలుగురు, రాత్రి కారిడార్‌లో గోడలు బాదుకుంటూ ఏదో వస్తుంది, వీళ్ళ తలుపు దగ్గర ఆగుతుంది, ఆగి తలుపు పిడి మెల్లగా తడుముతుంది. తర్వాత ఇంకోచోట అంత లావు చెక్క తలుపు ఊపిరి పీల్చినట్టు లోపలికి ఉబ్బుతుంది. అంతే. ఒక సీన్లో ఎలినార్ అనే అమ్మాయి చీకట్లో పడుకుని భయంతో పక్కనున్న థియో చెయ్యి పట్టుకుని ఉంటుంది, ఎముకలు విరిగిపోయేంత గట్టిగా నొక్కుతున్నావే అనుకుంటూ. లైట్ వేసి చూస్తే థియో గదిలో ఆ చివర మంచం మీద ఉంటుంది. ఈ సీన్ దగ్గర మా బేస్‌మెంట్‌లో 17 ఏళ్ళలో ఒక్క ఫోన్ వెలగలేదు, భార్యాభర్తలు చేతులు వదిలేసుకోవడం మాత్రం చూశా. ఈ బంగళా అంతా ఎక్కడో కొంచెం వంకరగా ఉందే అని కూడా మీకు అనిపిస్తుంది చూడండి, పానావిజన్ అనే కెమెరా కంపెనీ వాళ్ళు 30 ఎం.ఎం. లెన్స్ ఒకటి తయారు చేస్తున్నారు, ఇంకా రెడీ కాలేదండి, అంచుల్లో వంగి కనిపిస్తోంది అన్నారట, నాకా వంకరే కావాలి ఇవ్వండి అని వైజ్ పట్టుబట్టి సంతకం పెట్టి మరీ తీసుకున్నాడు.

దీనికి జోడీగా 1961 'ది ఇన్నోసెంట్స్' కూడా చెప్తారు, చాలామంది దీన్నే పైన పెడతారు, నేను మాత్రం రెండో ఏడాదికి దాచుకోమంటా ఎందుకంటే అది మెల్లగా ఎక్కుతుంది. అందులో దెయ్యం కనపడుతుంది, కానీ పట్టపగలు, చెరువుకి అవతలి గట్టున రెల్లులో నల్లచీర కట్టుకున్నట్టు ఒక ఆడమనిషి కదలకుండా నిలబడి ఉంటుంది, మ్యూజిక్ లేదు, అరుపు లేదు. అసలు ఉందా, చూస్తున్న గవర్నెస్‌కి, అంటే ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ చదువు చెప్పే ఆవిడకి, మతి పోయిందా అన్నది చివరిదాకా తేలదు. మా ఆవిడ ఒక పక్షం, నేను ఇంకో పక్షం, ఏటా గొడవే.

హాంటింగ్ తీసిన వైజ్ ఈ చూపించకుండా భయపెట్టే విద్య ఎక్కడ నేర్చుకున్నాడంటే వాల్ లూటన్ దగ్గర. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, ఈ సమాధానం మొత్తంలో ఒక్క పేరు గుర్తుపెట్టుకోవాలంటే ఇదే. లూటన్ డైరెక్టర్ కాదు, ఆర్‌కేఓ స్టూడియోలో ప్రొడ్యూసర్. 1940ల్లో ఆ స్టూడియో దివాలా అంచున ఉంది, చవగ్గా హారర్ తీసి డబ్బులు తే అని ఆయన్ని పెట్టారు, పేరు కూడా స్టూడియో వాళ్ళే ముందు పెట్టి చేతికిచ్చేవాళ్ళు, దానికి తగ్గ కథ నువ్వు రాయించుకో అని. అలా చేతికొచ్చిన మొదటి పేరు 'క్యాట్ పీపుల్'. పిల్లి మనుషులు! వేరేవాళ్ళైతే ఒక నటికి పిల్లి తోలు తొడిగేవాళ్ళు. ఈయన, డైరెక్టర్ జాక్ టూర్నర్ కలిసి లక్షన్నర డాలర్ల లోపే, ఆర్సన్ వెల్స్ సినిమాకి వేసిన మెట్ల సెట్టు వాడుకుని 1942లో ఒక 73 నిమిషాల సినిమా తీశారు. కోపమొస్తే చిరుతపులిగా మారతానేమో అని భయపడే ఒక పెళ్ళికూతురి కథ.

అందులో ఒక నడక ఉంది. రాత్రి, పార్కు గోడ పక్కన ఒక అమ్మాయి నడుస్తోంది, వెనకాల ఇంకో ఆడమనిషి హీల్స్ చప్పుడు టక్ టక్ టక్. దీపస్తంభం కింద వెలుగు, తర్వాత చీకటి, మళ్ళీ వెలుగు. ఉన్నట్టుండి వెనకాల టక్ టక్ ఆగిపోతుంది. ముందున్న అమ్మాయి తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఆమె స్పీడు పెంచుతుంది, పైన కొమ్మలు కదులుతాయి, ఇక ఏదో మీద పడబోతోంది అనుకున్న క్షణంలో బుస్సుమని ఒక సౌండ్, చూస్తే బస్సు వచ్చి ఆగింది. ఇవాళ్టి సినిమాల్లో పిల్లి దూకడం, ఫ్రెండు వచ్చి భుజం మీద చెయ్యి వేయడం అని మనం విసుక్కునే జంప్ స్కేర్లన్నిటికీ పుట్టిల్లు ఈ బస్సే, ఎడిటర్లు ఇప్పటికీ దాన్ని లూటన్ బస్ అనే పిలుస్తారు. కానీ నన్నడిగితే భయం బస్సులో లేదు, ఆగిపోయిన చప్పుడులో ఉంది.

ఇది నాకెందుకంత ఎక్కిందంటే మా అమ్మమ్మ వల్ల. వేసవి సెలవుల్లో కరెంటు పోతే మేడ మీద నవారు మంచాలేసి కథలు చెప్పేది, సెకండ్ షో చూసి చెరువుగట్టు మీద ఒంటరిగా వస్తున్న పాలేరు వెనక గజ్జెల చప్పుడు, వాడు నడిస్తే నడుస్తోంది, ఆగితే ఆగుతోంది, సరేలే అని ఇంక ఆగకుండా నడిచాడు, అప్పుడు చప్పుడు ఆగిపోయింది. అని చెప్పి అమ్మమ్మ కూడా ఆగిపోయేది. తమలపాకు నములుతూ. ఎంతసేపటికీ చెప్పేది కాదు. దెయ్యం ఎలా ఉందో ఆవిడ ఎప్పుడూ వర్ణించలేదు, మహా అయితే పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయిరా అనేది, అదీ కథ అయిపోయి మేం దుప్పట్లు కప్పుకున్నాక. క్యాట్ పీపుల్ మొదటిసారి చూసినప్పుడు హీల్స్ ఆగిన చోట నాకు తమలపాకు వాసన వచ్చిందంటే నమ్మండి. కాబట్టి ఈ సినిమాలు చూడ్డం మనకి రాదు అనుకోవద్దు, సినిమాలా కాకుండా అమ్మమ్మ కథలా వినండి.

ఇక్కడిదాకా వచ్చాక 1931కి దిగొచ్చు. ఆ ఏడాది ఫిబ్రవరిలో 'డ్రాకులా', నవంబర్‌లో 'ఫ్రాంకెన్‌స్టైన్', రెండూ యూనివర్సల్ వాళ్ళవే. నా మాట వింటే రెండోదే ముందు చూడండి. డ్రాకులాలో ఆ వేషం వేసిన బేలా లుగోసీ చూపు, ఆ నత్తనడక మాట తప్ప మొదటి 20 నిమిషాల తర్వాత అంతా డ్రాయింగ్ రూమ్ కబుర్లే, స్టేజి నాటకం నుంచి తీసినట్టు తెలిసిపోతుంది, టైటిల్స్ దగ్గర స్వాన్ లేక్ బ్యాలే సంగీతం ముక్క తప్ప దాదాపు సంగీతమే లేదు. ట్రాన్సిల్వేనియా కోటలో ఆర్మడిల్లోలు తిరుగుతుంటాయి, టెక్సాస్‌లో ఉన్న మన వాళ్ళు రోడ్డు పక్కన చూస్తుంటారే అవే, అక్కడికెలా వెళ్ళాయో ఆ డైరెక్టర్‌కే తెలియాలి. ఇవే సెట్లలో రాత్రిళ్ళు ఇంకో టీమ్ వచ్చి స్పానిష్ డ్రాకులా తీసింది, కెమెరా పనిలో అదే మెరుగు.

ఫ్రాంకెన్‌స్టైన్ అలా కాదు. 70 నిమిషాలు, ఒక్క నిమిషం వేస్ట్ లేదు. శవాల ముక్కలతో ఒక శాస్త్రవేత్త తయారుచేసిన జీవిగా వేసిన బోరిస్ కార్లాఫ్ మొదటిసారి కనిపించేది ఎలాగో చూడండి, తలుపులోంచి వీపు చూపిస్తూ వెనక్కి నడిచొస్తాడు, మెల్లగా తిరుగుతాడు, అప్పుడు ముఖం మీదకి మూడు కట్లు టపటపా, ఒక్కోటీ ఇంకొంచెం దగ్గరికి. టైటిల్స్‌లో ఆయన పేరు ఉండాల్సిన చోట క్వశ్చన్ మార్క్ వేశారు. ఇక చెరువు సీన్, చిన్నపాప ఆ జీవిని చూసి భయపడకుండా పూలు ఇచ్చి, నీళ్ళలో పడవల్లా వేసి ఆడుకుందాం అంటుంది, పూలు అయిపోయాక పాపని కూడా పువ్వే అనుకుని నీళ్ళలోకి వేస్తాడు, తేలుతుందనుకుని. సెన్సార్ వాళ్ళకి భయమేసి వేసే ముక్క కోసేశారు. దాంతో ఏమైందంటే వాడు పాప మీదకి చేతులు చాపడం, తర్వాత తండ్రి పాప శవాన్ని ఎత్తుకుని ఊళ్ళోకి రావడం, మధ్యలో ఏం జరిగిందో జనం ఊహకి వదిలేశారు, ఆ ఊహ అసలు కంటే చాలా దారుణం. కొన్ని దశాబ్దాల తర్వాత గానీ ఆ ముక్క తిరిగి అతికించలేదు. లూటన్ కావాలని చేసిన పనే ఇక్కడ కత్తెర పొరపాటున చేసింది, కాకపోతే పాపం ఆ జీవికి అన్యాయం జరిగింది. దీని తర్వాత 1922కి వెళ్ళండి, అప్పుడు మెట్ల గోడ మీద పాకే ఆ నీడ, గోళ్ళ నీడ, మీకు వేరేలా కనిపిస్తుంది.

ఒక సొంతూరు ముచ్చట చెప్పి దెయ్యం కథలకొస్తా. 1968 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీసింది మా పక్కనే, ఎవాన్స్ సిటీ శ్మశానం మా ఇంటి నుంచి 45 నిమిషాల డ్రైవ్. జాంబీ సినిమాలన్నిటికీ మూలం అదే అయినా అందులో జాంబీ అన్న మాటే వినపడదు. రిలీజుకి ముందు పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ మీద కాపీరైట్ లైన్ వేయడం మర్చిపోయారు, దాంతో అది ఎవరైనా వేసుకునే సినిమా అయిపోయింది, తీసినవాళ్ళకి మాత్రం ఎంతో నష్టం. దాని డైరెక్టర్ జార్జ్ రొమేరో పదేళ్ళకి దాని తర్వాతి సినిమా తీసింది మన్రోవిల్ మాల్‌లో. ఇక్కడి పెన్ హిల్స్ వెంకన్న గుడికి ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని వచ్చే మన వాళ్ళు ఎంతమంది పులిహోర ప్రసాదం తిని తిరుగు ప్రయాణంలో అదే మాల్‌లో ఎస్కలేటర్ ఎక్కారో, జాంబీలు ఎక్కిన ఎస్కలేటర్ అని తెలియకుండా.

దెయ్యం కథలు. ఇక్కడ అమెరికావాళ్ళకి దెయ్యం అంటే అక్టోబర్ 31, కానీ ఇంగ్లండ్‌లో పాత అలవాటు క్రిస్మస్‌కి, చలిమంట ముందు. జపాన్‌లో మండు వేసవిలో చెప్పుకుంటారు, ఒళ్ళు చల్లబడుతుందని, మన కరెంటు పోయిన మేడలకి అదే దగ్గర. క్రిస్మస్ దెయ్యాల్లో పెద్దాయన ఎం.ఆర్. జేమ్స్, కేంబ్రిడ్జ్‌లో కింగ్స్ కాలేజీకి అధిపతి, పాత చేతిరాత ప్రతుల మీద మహా పండితుడు. క్రిస్మస్ ముందు రాత్రి నలుగురు స్నేహితుల్ని గదిలో కూర్చోబెట్టి కొవ్వొత్తులన్నీ ఆపి ఒక్కటి ఉంచి, అప్పుడే రాసిన కాగితాలు చదివేవాడు. 1904లో మొదటి పుస్తకం వచ్చింది. అందులో విజిల్ కథ ఒకటి, సముద్రం ఒడ్డున శిథిలాల్లో ఒక ప్రొఫెసర్‌కి పాత ఈల దొరుకుతుంది, ఊదుతాడు, తర్వాత హోటల్ గదిలో ఖాళీగా ఉండాల్సిన రెండో మంచం మీద దుప్పటి లేచి కూర్చుంటుంది. దుప్పటే! ఇక్కడ పిల్లలు రెండు కన్నాలు పెట్టి కప్పుకుని చాక్లెట్ల కోసం వస్తారే ఆ దుప్పటి దెయ్యమే, చదివాక మాత్రం నేను హోటల్‌లో రెండు మంచాల రూమ్ తీసుకోవడం మానేశా. ఇంకో సంగతి, పైన చెప్పిన టూర్నర్ 1957లో జేమ్స్ కథే ఒకటి 'నైట్ ఆఫ్ ది డీమన్' పేరుతో తీశాడు, అందులో రాక్షసుణ్ణి చూపించాలా వద్దా అన్న దాని మీద పెద్ద తగాదా అయింది, చూపించారు. చూపించకపోతే బాగుండేదని నా అభిప్రాయం.

నోటితో చెప్పడానికైతే జేమ్స్ కంటే డబ్ల్యూ.డబ్ల్యూ. జేకబ్స్ 'ది మంకీస్ పా' ఈజీ, 1902 కథ, మూడు కోరికలు తీర్చే కోతి చెయ్యి. పుస్తకం చూస్తూ చదవొద్దు, రెండుసార్లు చదువుకుని తెలుగులో మీ మాటల్లో చెప్పండి, ఇరవై నిమిషాలు పడుతుంది. చనిపోయిన కొడుకుని తిరిగి రమ్మని తల్లి కోరుకుంటుంది, అర్ధరాత్రి తలుపు చప్పుడు, తల్లి గడియ తీయడానికి కుర్చీ ఎక్కుతోంది, తండ్రి చీకట్లో మూడో కోరిక కోసం ఆ కోతి చేతిని వెతుకుతూ నేల మీద తడుముకుంటున్నాడు. నేను ఇక్కడిదాకా చెప్పిన రాత్రి ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మధ్యలో గట్టిగా, తియ్యొద్దని చెప్పు బాబూ ఆవిడకి, అంది. తర్వాత తెలిసింది, 90ల్లో మన ఊళ్ళల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాశారు చూడండి, అప్పుడు ఆవిడే ఇంటి తలుపు మీద బొగ్గుతో రాసిందట, తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని రాత్రి ఎవరు కొట్టినా తీసేవాళ్ళు కాదట. ఆ రోజు వేద్దామనుకున్న సినిమా వేయనే లేదు, అందరూ ఎవరి ఊరి కథ వాళ్ళు చెప్పుకుంటూ ఒంటిగంట దాకా కూర్చున్నారు.

ఇక మీ పార్టీకి పనికొచ్చేవి. ఒక రాత్రికి ఒకే సినిమా, ఒకే కథ, మారథాన్ పెడితే భయం పలచబడిపోతుంది. పిల్లలు చాక్లెట్ల వేట అయ్యి ఇంటికి చేరి పడుకున్నాక మొదలెట్టండి, చిన్నపిల్లలు కూడా ఉండాల్సిందే అంటే 1948 'అబాట్ అండ్ కాస్టెల్లో మీట్ ఫ్రాంకెన్‌స్టైన్' వేసేయండి, అందులో లుగోసీ మళ్ళీ డ్రాకులాగా వస్తాడు, పెద్దవాళ్ళూ పగలబడి నవ్వుతారు. సబ్‌టైటిల్స్ తప్పనిసరి, ఆ పాత యాస, ఆ పాత మైకులు మనకి సగం అర్థం కావు. సౌండ్ మామూలు కంటే కొంచెం తగ్గించండి, పెంచొద్దు, జనం చెవులు రిక్కించి ముందుకి వంగాలి. సమోసాలు ముందే పెట్టేయండి, ఆ కవర్ల చప్పుడు హాంటింగ్‌ని చంపేస్తుంది. నవ్వితే నవ్వనివ్వండి, మొదటి పావుగంట అందరూ నవ్వుతారు, మధ్యలో మీరు లేచి ఇది ఎంత గొప్ప షాటో తెలుసా అని మాత్రం అనకండి, నేను అని చూశా.

గుమ్మంలో గుమ్మడికాయ కూడా పెట్టండి. దిష్టికి బూడిద గుమ్మడికాయ వేలాడదీసే జాతి మనది, కోరలు గీసి, మీసాలు పెట్టి, ఇంకా నేర్పాలా. 2024లో దీపావళీ హాలోవీనూ ఒకే రోజు పడితే మా ఇంటి మెట్ల మీద ఒక పక్క ప్రమిదలు, ఒక పక్క నోరు తెరిచిన గుమ్మడికాయలు, ఏది ఏ పండక్కో పక్కింటివాళ్ళకి అర్థం కాలేదు.

ఈసారి హాంటింగ్ పెట్టి, ఆ చెయ్యి సీన్ దగ్గర తెర వైపు కాకుండా మీ ఫ్రెండ్స్ వైపు చూడండి, ఎవరి చెయ్యి ఎక్కడుందో. చూసి ఇక్కడ రాయండి.